కంపెనీ మారితే విద్య మారుతుందా? జిరాక్సు మెకానిక్ చరిత్ర: ఆదోని, ఎమ్మిగనూరు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• నకలు యంత్రం 1938 నించి డిజిటల్ యుగం దాకా ఎలా మారిందో చెప్పగలుగుతారు.
• ఒక కంపెనీ యంత్రాల నించి మరో కంపెనీ యంత్రాలకు మారిన మెకానిక్ విద్యలో ఏది నిలుస్తుందో, ఏది పోతుందో వివరించగలుగుతారు.
• మీ ఊళ్లో ఎవరూ రాసిపెట్టని వృత్తి చరిత్రను సేకరించే పద్ధతి తెలుసుకొంటారు.

1. ప్రస్తావన

ఈ కోర్సులో చేరేముందు మీరు మార్కుల జాబితా జిరాక్సు తీయించుకొనే ఉంటారు. ఆ దుకాణంలోని యంత్రం మీద క్యానన్ అనో, రికో అనో, క్యోసెరా అనో పేరు ఉండి ఉండవచ్చు. అయినా మీరు అడిగింది 'జిరాక్సు'నే. ఒక కంపెనీ పేరు మన భాషలో ఒక పనికి పేరుగా స్థిరపడింది. ఆ యంత్రాన్ని కనిపెట్టినవారి పేరు చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. అది ఆగిపోయిన ప్రతిసారీ వచ్చి నడిపించే మెకానిక్ పేరు మాత్రం ఎక్కడా దొరకదు. ఈ పాఠం అతని గురించి.

పశ్చిమ కర్నూలులోని ఆదోని పత్తి మార్కెట్టుకు, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందిన పట్టణాలు. మార్కెట్ యార్డు, రెవిన్యూ కార్యాలయం, కోర్టు, రిజిస్ట్రారు కార్యాలయం, బ్యాంకు ఉన్నచోట నకళ్ల అవసరం ఉంటుంది. నకళ్ల అవసరం ఉన్నచోట మెకానిక్ అవసరమూ ఉంటుంది.

2. యంత్రానికి ముందు నకలు

ఆదోని ప్రాంతం 1800లో నిజాం నించి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. తరవాత బళ్లారి జిల్లాలో ఒక తాలూకాగా ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరింది. ప్రభుత్వం మారినా, జిల్లా మారినా రైతుకు తన భూమి కాగితం నకలు కావలసిందే. మొదట దాన్ని చేత్తో రాసి అసలుతో సరిచూసేవారు. తరవాత టైపు మిషను, కార్బన్ కాగితం వచ్చాయి. ఎక్కువ ప్రతులు కావాలంటే స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ తీసేవారు. వీటన్నిటిలోనూ ఒకరు మళ్లీ రాయాలి లేదా టైపు చేయాలి, మరొకరు తప్పులు చూడాలి. ఉన్న కాగితాన్ని ఉన్నట్లే దించగలిగిన యంత్రం రావడంతో ఆ శ్రమ తగ్గింది.

3. యంత్రం ప్రయాణం

పేటెంటు వ్యవహారాల ఉద్యోగంలో నకళ్లతో విసిగిన చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబరు 22న న్యూయార్కులోని ఆస్టోరియాలో తొలి పొడి నకలు తీశాడు. ఆ పద్ధతిని హాలాయిడ్ కంపెనీ చేపట్టింది. ఆ సంస్థే తరవాత జిరాక్స్ అయింది. 1959లో వచ్చిన '914' యంత్రాన్ని కార్యాలయాలు ఎక్కువగా అద్దెకు తీసుకొన్నాయి. యంత్రం కంపెనీది, విడిభాగం కంపెనీది, మెకానిక్ కూడా కంపెనీ మనిషే.

1975లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం జిరాక్స్ తన పేటెంట్లను పోటీదారులకు ఇవ్వవలసి వచ్చింది. దాంతో జపాన్ కంపెనీలకు దారి సులువైంది. 1982లో క్యానన్ తెచ్చిన 'పీసీ-10' అనే చిన్న యంత్రంలో డ్రమ్మూ టోనరూ ఒకే కార్ట్రిడ్జిలో ఉండేవి. పాతది తీసి కొత్తది పెట్టడానికి మెకానిక్ అక్కరలేదు.

మన దేశంలో మోదీ గ్రూపు, ర్యాంక్ జిరాక్స్ కలిసి 1983లో మోదీ జిరాక్స్ సంస్థను నెలకొల్పాయి. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో దాని కర్మాగారం ఉండేది. 1991 ఆర్థిక సంస్కరణల తరవాత పోటీ పెరిగింది. 1997లో క్యానన్ ఇండియా మొదలైంది. విదేశాల్లో కొన్నేళ్లు వాడిన యంత్రాలను బాగుచేసి అమ్మే వ్యాపారం కూడా విస్తరించింది. ఇలాంటి పాత యంత్రం కొన్న దుకాణదారుకు స్థానిక మెకానికే ఆధారం.

4. కంపెనీ మారిన మెకానిక్

ఆదోనిలో ఒక మెకానిక్ చాలా ఏళ్లు ఒకే కంపెనీ యంత్రాలు చూశాడనుకోండి. దుకాణాలవారు క్రమంగా మరో కంపెనీ యంత్రాలు తెచ్చుకొన్నారు. అతడు కూడా మారక తప్పలేదు. అతని విద్యను మూడు భాగాలుగా విడదీసి చూద్దాం.

మొదటిది సూత్రం. డ్రమ్‌కు విద్యుదావేశం ఇవ్వడం, దాని మీద వెలుతురు పడటం, టోనరు అంటుకోవడం, అది కాగితం మీదికి దిగడం, వేడికి కరిగి అతుక్కోవడం. ఈ వరస అన్ని కంపెనీలకూ ఒకటే. కాని డిజిటల్ యంత్రం ఇక్కడే అతన్ని తికమక పెడుతుంది. పాత యంత్రంలో వెలుతురు పడని చోట, అంటే అక్షరం ఉన్నచోట, ఆవేశం నిలిచి టోనరు అంటుకొనేది. చాలా డిజిటల్ యంత్రాల్లో లేజర్ కిరణం అక్షరం ఉండవలసిన చోటే పడుతుంది, టోనరూ అక్కడే అంటుతుంది. కాబట్టి డ్రమ్‌కు ఆవేశం అందకపోతే పాత యంత్రంలో తెల్లకాగితం వచ్చేది, కొత్తదానిలో కాగితమంతా నల్లగా వస్తుంది. ఇరవై ఏళ్లుగా కాగితం చూసి జబ్బు చెప్పిన మనిషి ఇప్పుడు అదే లక్షణాన్ని తలకిందులుగా చదవాలి. సూత్రం తెలిసినవాడు ఒక పూటలో సర్దుకొంటాడు. అలవాటుతో మాత్రమే నేర్చినవాడు మంచి భాగాలు విప్పి పారేస్తాడు.

రెండోది కంపెనీ విద్య. కాగితం మీద టోనరును కరిగించే భాగం వేడెక్కకపోతే క్యానన్ యంత్రం 'ఇ000' అని చూపిస్తుంది. దాదాపు అదే లోపానికి రికో యంత్రం 'ఎస్‌సి542' అంటుంది. లోపం సరిచేసినా సర్వీసు మోడ్‌లోకి వెళ్లి ఆ సంకేతాన్ని తొలగిస్తేగాని యంత్రం కదలదు. ఒక కంపెనీ టోనరు మరో కంపెనీ యంత్రానికి పనికిరాదు. కొన్నిటిలో కార్ట్రిడ్జి మీది చిప్పును కూడా యంత్రం గుర్తించాలి. మెకానిక్ మారినప్పుడు ఈ భాగమంతా మళ్లీ సున్న నించి మొదలవుతుంది. దాన్ని ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ చేతిలో ఉంటుంది.

మూడోది ఊరి విద్య. దూది నుసి, ఎండాకాలపు ధూళి, హెచ్చుతగ్గుల కరెంటు, వానాకాలంలో చెమ్మగిల్లిన కాగితం ఏ మాన్యువల్‌లోనూ ఇంత వివరంగా ఉండవు. పరీక్ష ఫీజు గడువు రోజున యంత్రం ఆగితే దుకాణదారుకు ఎంత నష్టమో, ఎవరు డబ్బు వెంటనే ఇస్తారో, ఎవరు పంట వచ్చాక ఇస్తారో కూడా ఈ విద్యలో భాగమే. కంపెనీ మారినా ఇది పోదు. అతన్ని నిలబెట్టేది చాలావరకు ఇదే.

5. మాటల్లో దాగిన జ్ఞానం

జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త అమెరికాలో జిరాక్స్ మెకానిక్‌లతో తిరిగి, 1996లో ఒక పుస్తకం ప్రచురించాడు. కంపెనీ మాన్యువల్ చెప్పని లోపాలను వారు ఒకరికొకరు చెప్పుకొనే అనుభవాల ద్వారా పరిష్కరిస్తున్నారని అతడు గమనించాడు. తరవాత జిరాక్స్ సంస్థే మెకానిక్‌ల చిట్కాలను 'యురేకా' అనే వ్యవస్థలో చేర్చి అందరికీ అందుబాటులో ఉంచింది.

దీని వెలుగులో మన మెకానిక్‌ను చూడండి. కంపెనీ మారడమంటే పరికరాలతో పాటు మాట్లాడే మనుషులను కూడా మార్చుకోవడం. పాత కంపెనీ యంత్రాలు చూసే మిత్రులు కర్నూలులోనో బళ్లారిలోనో ఉన్నా, కొత్త లోపం గురించి వారిని అడిగి లాభం లేదు. అతనికి అసలు నష్టం ఇక్కడ జరుగుతుంది.

6. ఎమ్మిగనూరు చెప్పే పోలిక

కార్ల్‌సన్ తొలి నకలు తీసిన 1938లోనే మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. నేతగానికి మగ్గం తెలుసు, నేత తెలుసు. అయినా నూలు ఇచ్చేవారి మీద, బట్ట కొనేవారి మీద ఆధారపడవలసి వచ్చేది. నూలు సరఫరాను, అమ్మకాన్ని ఉమ్మడి చేయడం సహకార సంఘం ఇచ్చిన సమాధానం. మెకానిక్‌కు విడిభాగాలు, సర్వీసు మాన్యువల్ అలాంటివే. చేతిలో పని ఉన్నా పని ముడిసరుకు మరొకరి గుప్పిట్లో ఉంటుంది. కాని మెకానిక్‌లు ఒకచోట గుంపుగా ఉండరు కాబట్టి సంఘం కట్టడం వారికి మరింత కష్టం. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు'పై కమిటీ వేసింది. మాన్యువల్, విడిభాగాలు స్థానిక మెకానిక్‌కు అందాలా అన్నది ఇప్పుడు విధానపరమైన ప్రశ్న కూడా.

7. సారాంశం

కంపెనీ మారినప్పుడు మెకానిక్ విద్యలో సూత్రం నిలుస్తుంది, ఊరి అనుభవం నిలుస్తుంది, కంపెనీ విద్య పోతుంది. పోయేదాన్ని కంపెనీలు మాన్యువల్‌లలో రాసుకొన్నాయి. నిలిచేదాన్ని, ముఖ్యంగా ఊరి అనుభవాన్ని, ఎవరూ రాయలేదు. సైక్లోస్టైల్ నించి డిజిటల్ దాకా చూసిన తరం ఇప్పుడు పని విరమిస్తున్నది. వారిని అడగడానికి మీకు మిగిలిన కాలం ఎక్కువ లేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. 1975 నాటి పేటెంట్ల ఒప్పందం మెకానిక్ వృత్తిని ఎలా ప్రభావితం చేసింది?
2. నేతగాని నూలుకు, మెకానిక్ విడిభాగానికి ఉన్న పోలికను, తేడాను వివరించండి.
3. మీ ఊళ్లో ఒక మెకానిక్‌ను కలవండి. మొదట చూసిన యంత్రం ఏది, కంపెనీ ఎప్పుడు మార్చారు, ఎవరిని అడిగి నేర్చుకొన్నారు అని అడిగి, వారి అనుమతితో వారి మాటల్లోనే రెండు పుటలు రాయండి.