అమెజాన్ నల్లమన్ను పుట్టుపూర్వోత్తరాలు

అమెజాన్ అడవిలో కూలిన మాను ఎక్కువ కాలం మానుగా మిగలదు. చెదలు తొలుస్తాయి. బెరడు కింద తెల్లటి బూజు పోగులు పోగులుగా అల్లుకుంటుంది. కట్టెకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ను పూర్తిగా విడగొట్టే శక్తి ముఖ్యంగా ఈ తెల్లకుళ్లు శిలీంధ్రాలకే ఉంది. అవి తిన్న దుంగను చేత్తో నలిపితే తడిసిన పీచులా విడిపోతుంది. కట్టె ఎండు బరువులో దాదాపు సగం కర్బనం. అందులో చాలా భాగం బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిసిపోతుంది, నేలకు దక్కేది కొంచెమే. ఏడాది పొడవునా వేడీ తేమా ఉండే చోట ఇదంతా మరీ జోరుగా సాగుతుంది. పోషకాల్లో కొన్నిటిని వేళ్లు వెంటనే లాగేసుకుంటాయి, కొన్ని వానలకు కొట్టుకుపోతాయి. అంత దట్టమైన అడవి కింద పసుపురంగు మన్ను ఆమ్లగుణంతో, సారం లేకుండా ఉండడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

అలాంటి నేల మధ్య, నదుల పక్కన ఎత్తయిన గట్లమీద, అక్కడక్కడ కాటుకలాంటి మన్ను కనబడుతుంది. కొన్నిచోట్ల అది రెండు మీటర్ల లోతుదాకా ఉంటుంది. గుప్పెడు తీసి చూస్తే కుండపెంకులు, చేప ముళ్లు, బొగ్గు తునకలు చేతికి తగులుతాయి. పోర్చుగీసు మాటల్లో దాని పేరు ‘టెర్రా ప్రెటా దె ఇండియో’, అంటే ఆదివాసుల నల్లమన్ను. దాని పుట్టుక ఆ పేరులోనే ఉంది. పండితులు ఒప్పుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

1541-42లో స్పెయిన్ సేనాని ఫ్రాన్సిస్కో దె ఒరెల్యానా అమెజాన్ వెంట సముద్రందాకా పడవల్లో ప్రయాణించాడు. ఒడ్డు పొడవునా ఊళ్లు ఒకదాని వెంట ఒకటి ఉన్నాయని ఆయన వెంట ఉన్న మతగురువు గాస్పర్ దె కార్వహాల్ రాశాడు. తరవాతి కాలంలో వెళ్లినవాళ్లకు అక్కడ అడవే కనిపించింది. దాంతో కార్వహాల్ రాసింది కట్టుకథ అనుకున్నారు. మశూచి, తట్టు వంటి కొత్త రోగాలు ఆ ఊళ్లను తుడిచిపెట్టాయన్న సంగతి తరవాత గానీ అర్థం కాలేదు.

1870లలో చార్లెస్ హార్ట్, హెర్బర్ట్ స్మిత్ వంటి ప్రకృతి పరిశోధకులు బ్రెజిల్‌లోని శాంటరేమ్ ప్రాంతంలో ఈ మన్నును గమనించారు. అక్కడి సాగుదారులు చెరకుకూ పొగాకుకూ నల్లమన్ను చెలకలనే ఏరుకునేవారు. అది పాత ఊళ్ల వంటింటి చెత్త నుంచి పుట్టిందని స్మిత్ 1879లోనే రాశాడు. భూగర్భ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ కాట్సర్ 1903లో ఆ మన్నును పరీక్షించి, అందులో మనిషి చెయ్యి ఉందని తేల్చాడు. అయినా ఆండీస్ అగ్నిపర్వతాల బూడిద అన్నవాళ్లున్నారు, ఎండిన చెరువుల ఒండ్రు అన్నవాళ్లున్నారు. ఆదివాసులు నేలను బాగుచేసి ఉంటారన్న మాట ఒక్కటే చాలామందికి మింగుడుపడలేదు.

ఆ పట్టును సడలించినవాడు విమ్ సోంబ్రూక్ అనే డచ్చి మృత్తికా శాస్త్రవేత్త. 1944-45 చలికాలంలో హాలెండ్‌లో తిండి లేక జనం చనిపోతుంటే, తరతరాలుగా ఎరువు వేసి పెంచిన చిన్న చెలక ఆయన కుటుంబాన్ని బతికించింది. మనుషులు మన్నును తయారు చేయగలరని ఆయనకు చిన్నప్పుడే తెలుసు. 1966లో అచ్చయిన ఆయన ‘అమెజాన్ సాయిల్స్’ ఈ మన్నును మళ్లీ చర్చలోకి తెచ్చింది. 1971లో పురావస్తు శాస్త్రవేత్త బెట్టీ మెగ్గర్స్ అమెజాన్ నేల పెద్ద జనాభాను పోషించలేదని వాదించారు. ఆ వాదానికి ఎదురు సాక్ష్యంగా నిలిచింది ఈ నల్లమన్నే.

2001లో జర్మన్ మృత్తికా శాస్త్రవేత్త బ్రూనో గ్లేజర్, ఆయన సహచరులు ఈ మన్నులో బొగ్గు రూపంలోని కర్బనం చుట్టుపక్కల నేలకంటే 70 రెట్లదాకా ఉందని చూపారు. గాలి చాలకుండా కాలిన కట్టెలో కర్బనం వలయాలు వలయాలుగా బిగుసుకుంటుంది. శిలీంధ్రాలకు అది సులువుగా జీర్ణం కాదు. అందుకే కుళ్లే కట్టెతో పాటు పోవలసిన కర్బనం వందల, వేల ఏళ్లు నేలలోనే ఉండిపోతుంది. ఆ బొగ్గు తునకను సూక్ష్మదర్శినిలో చూస్తే ఒకప్పుడు చెట్టు నీళ్లు తోడిన గొట్టాలు అలాగే కనిపిస్తాయి. కాలం గడిచేకొద్దీ బొగ్గు ఉపరితలం ఆక్సిజన్‌తో కలిసి రుణావేశం పొందుతుంది. దాంతో సున్నం, పొటాష్ వంటివి వానకు పోకుండా దాన్ని అంటిపెట్టుకుంటాయి.

ఇక్కడ పోడుకూ దీనికీ ఉన్న తేడా గమనించాలి. ఆంధ్ర, తెలంగాణ కొండల్లోనూ అడవి కొట్టి కాల్చి విత్తడం పాత పద్ధతే. బయట, మంట ఎగిసేలా కాలిస్తే మిగిలేది ఎక్కువగా బూడిద. దాని సారం కొద్ది పంటలతో అయిపోతుంది. గాలి తగలకుండా కాల్చినప్పుడు మాత్రం కట్టెలోని కర్బనంలో దాదాపు సగం బొగ్గుగా నిలుస్తుంది. మన బొగ్గుబట్టీల కిటుకు కూడా అదే.

నల్లమన్ను ఎలా పుట్టిందో ఇప్పటికీ కళ్లారా చూడవచ్చు. బ్రెజిల్‌లోని షింగూ నది ప్రాంతంలో కుయికురో ఆదివాసులు కర్రపెండలం తొక్కలు, చేపల వ్యర్థాలు, బొగ్గు, బూడిద ఇళ్ల వెనక పెంటదిబ్బలుగా పోసి, ఏళ్లు గడిచాక అక్కడే విత్తుతారు. వాళ్లు కావాలనే మన్ను తయారు చేస్తున్నారని, అది పాత నల్లమన్నును పోలి ఉందని 2023లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. నది తెచ్చిన ఒండ్రుకూ ఇందులో పాత్ర ఉందని 2021లో మరో బృందం వాదించింది. కొన్ని చోట్లకు అది వర్తించవచ్చు గానీ, కుండపెంకులను నది ఒక్కటే వివరించలేదు.

ఈ పాఠం నుంచే, నేలలో కలిపే బొగ్గుకు ‘బయోచార్’ అనే కొత్త మాట, దాని పరిశ్రమ పుట్టాయి. 2019లో వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘమైన ఐపీసీసీ తన మార్గదర్శకాల సవరణలో నేలలో కలిపిన బయోచార్ లెక్కకు ఒక పద్ధతిని కూడా చేర్చింది. కానీ నల్లమన్నులో బొగ్గు ఒక పాలు మాత్రమే. భాస్వరం ఎముకల నుంచి వచ్చింది, నత్రజని చెత్త నుంచి వచ్చింది. అప్పుడే కాల్చిన బొగ్గును ఒట్టిగా చల్లితే అది నేలలోని నత్రజనిని తనలోకి లాక్కుని, మొదటి పంటను పస్తు పెట్టే ప్రమాదం కూడా ఉంది. పత్తి కట్టె, కంది కట్టె, సర్కారు తుమ్మ కాల్చి చేసిన బొగ్గును రైతు ముందుగా పశువుల ఎరువులోనో కంపోస్టులోనో కలిపి, కొన్ని వారాలు మాగనిచ్చి, ఆ తరవాతే చేలో వెయ్యాలి.