రిజర్వేషన్ లేని సీటులో ఒక షయాన్ మనిషి: కొలరాడో, 1992

ఈ మధ్య హాస్టల్లో రాత్రి భోజనాల దగ్గర ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఎస్టీ సీటు కాకుండా జనరల్ సీటులో మనోడు నిలబడితే గెలుస్తాడా?" అందరూ నవ్వారు. టికెట్ అడిగితేనే "మీకు ఎస్టీ సీట్లు ఉన్నాయి గదా" అంటారు, ఇంక గెలుపు మాట ఎక్కడిది అని ఒకరన్నారు. నాకు మాత్రం ఒక మనిషి గుర్తొచ్చాడు. ఆయన ఇక్కడోడు కాదు, అమెరికాలో షయాన్ తెగవాడు. పేరు బెన్ నైట్‌హార్స్ క్యాంప్‌బెల్. ఆయన గెలిచింది ఒక నియోజకవర్గం కాదు, రాష్ట్రం మొత్తం.

ముందు ఒక మాట. అమెరికాలో రిజర్వేషన్ అంటే సీటు కాదు, భూమి. తెగల్ని తరిమి తరిమి చివరికి గిరిగీసి ఇచ్చిన నేల పేరు అది. చట్టసభల్లో ఆదివాసీలకు ఓటు హక్కున్న సీట్లు కేటాయించడం అక్కడ లేదు. మనకు ఆంధ్రప్రదేశ్‌లో 175లో 7, తెలంగాణలో 119లో 12 అసెంబ్లీ సీట్లు ఉన్నాయి. వాళ్లకు అట్లాంటివి సున్నా. సెనేట్ సంగతి ఇంకా కష్టం. రాష్ట్రానికి ఇద్దరే సెనేటర్లు, ఒక్కొక్కరికీ రాష్ట్రంలో ఓటున్న ప్రతివాళ్లూ ఓటేస్తారు. 1913లో 17వ రాజ్యాంగ సవరణ రాకముందు వాళ్లనూ మన రాజ్యసభ సభ్యుల్లాగే ఎమ్మెల్యేలే ఎన్నుకునేవాళ్లు. (గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఇది రాసిపెట్టుకోండి.)

కొలరాడోలో ఆదివాసీలు అప్పటికి నూటికి ఒకరు కూడా లేరు. రాష్ట్రంలో ఉన్న రిజర్వేషన్లు రెండే, రెండూ నైరుతి మూలన యూట్ తెగలవి. షయాన్లు, అరాపహోలు ఏమయ్యారు? 1864 నవంబర్ 29న శాండ్ క్రీక్ దగ్గర బ్లాక్ కెటిల్ గుంపు విడిది చేసి ఉంది. శాంతి మాట ఇచ్చారని నమ్మి ఆయన తన గుడారం మీద అమెరికా జెండా, దానితోపాటు తెల్లజెండా ఎగరేసి పెట్టాడు. కర్నల్ చివింగ్టన్ సుమారు 700 మంది సైనికులతో తెల్లవారేసరికి వచ్చి పడ్డాడు. చనిపోయినవాళ్లు 230 మంది దాకా అని నేషనల్ పార్క్ సర్వీస్ లెక్క, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. శవాల నుంచి కోసిన ముక్కల్ని డెన్వర్‌లో జనానికి చూపించారు. ఆ డెన్వరే ఇప్పుడు ఆ రాష్ట్ర రాజధాని. అట్లాంటి రాష్ట్రంలో ఒక షయాన్ ఓటు అడగడానికి వెళ్లాడు.

క్యాంప్‌బెల్ పుట్టింది 1933లో, కాలిఫోర్నియాలో. తండ్రి నార్తర్న్ షయాన్, తాగుడికి అలవాటు పడ్డ మనిషి. తల్లి పోర్చుగల్ నుంచి వచ్చినామె, క్షయ రోగి. ఇల్లు గడవక పిల్లల్ని కొన్నాళ్లు అనాథాశ్రమంలో పెట్టారు. తర్వాత కొరియా యుద్ధకాలంలో వైమానిక దళం, కాలేజీ, జపాన్ వెళ్లి జూడో. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జూడో జట్టులో ఉన్నాడు. వెండి నగలు చేసి బతికాడు. 1982లో రాష్ట్ర సభకు, 1986లో వాషింగ్టన్‌లోని ప్రతినిధుల సభకు గెలిచాడు. జుట్టు వెనక్కి ముడేసుకునే తిరిగేవాడు, సభలో కూడా.

1992 ఏప్రిల్‌లో కొలరాడో సెనేటర్ టిమ్ వర్త్ ఇక మళ్లీ పోటీ చేయనన్నాడు. సీటు ఖాళీ. కూర్చున్న నాయకుణ్ణి దించడం ఎక్కడైనా కష్టమే, ఖాళీ సీటు మాత్రం కొత్తవాళ్లకు సందు ఇస్తుంది. పైగా అక్కడ టికెట్ హైకమాండ్ ఇవ్వదు, ప్రైమరీలో ఓటర్లే తేలుస్తారు. ఇది మనం బాగా గమనించాల్సిన సంగతి. డెమోక్రాట్లలో ముగ్గురు నిలబడ్డారు. ఒకరు రిచర్డ్ లామ్, 12 ఏళ్లు గవర్నర్‌గా చేసినవాడు. ఇంకొకరు జోసీ హీత్, 1990లో సెనేట్‌కు ఆ పార్టీ అభ్యర్థి. మూడోది మనవాడు. టికెట్ ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఒక గదిలో తేలేదైతే మాజీ ముఖ్యమంత్రి లాంటి లామ్‌ని కాదని ఈయనకు ఎవరిచ్చేవాళ్లు? ఆగస్టు ప్రైమరీలో క్యాంప్‌బెల్‌కు 45 శాతం, లామ్‌కు 36 శాతం వచ్చాయి. నవంబర్‌లో రిపబ్లికన్ టెర్రీ కన్సిడైన్ మీద దాదాపు 52 శాతం ఓట్లతో గెలిచాడు.

ఆ ఏడు కొలంబస్ వచ్చి 500 ఏళ్లు. జనవరి 1న కాలిఫోర్నియాలో జరిగే రోజ్ పరేడ్‌కు ముందు నడవడానికి కొలంబస్ వంశీకుణ్ణి పిలిచారు. ఆదివాసీలు గొడవ చేశాక పక్కన క్యాంప్‌బెల్‌నీ పెట్టారు. ఆయన గుర్రం మీద వచ్చాడు. అదే ఏడు చివర్లో సెనేటర్‌గా ఎన్నికయ్యాడు.

ఇక్కడే ఆపేస్తే మంచి సినిమా కథ. కానీ ఆయనకు ముందు ఇంకొకాయన ఉన్నాడు, చార్లెస్ కర్టిస్. కాన్సాస్ సెనేటర్, కా తెగ రక్తం, చిన్నప్పుడు కొంతకాలం ఆ రిజర్వేషన్‌లోనే పెరిగాడు. 1929లో దేశానికి ఉపాధ్యక్షుడు కూడా అయ్యాడు. 1898లో ఆయన పేరు మీద వచ్చిన కర్టిస్ చట్టం ఏం చేసింది? ఇప్పటి ఓక్లహోమాలో తెగల న్యాయస్థానాల్ని రద్దు చేసి, తెగ ఉమ్మడి భూమిని ముక్కలు చేసి మనిషికింత అని పంచేసింది. తర్వాత ఆ భూమి చాలావరకు ఎవరి చేతుల్లోకి పోయిందో మన ఏజెన్సీ పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. మనోడు పైకెక్కితే చాలు అనుకునేవాళ్లకు నేను కర్టిస్ పేరే చెప్తాను. ఆయన సెనేట్ వదిలాక 64 ఏళ్లకు గానీ ఇంకో ఆదివాసీ ఆ మెట్లెక్కలేదు.

మరి క్యాంప్‌బెల్ ఏం చేశాడు? నూటికి 99 మంది ఆదివాసేతరులు ఓటేసి పంపిన మనిషి ఆయన. రైతుల మాట, పశువులవాళ్ల మాట, గనులవాళ్ల మాట ఆయన నోట వినిపించింది, పర్యావరణవాదులు తిట్టారు. 1995 మార్చిలో, బడ్జెట్ సవరణ సెనేట్‌లో వీగిపోయిన మర్నాడే, డెమోక్రాట్ల నుంచి రిపబ్లికన్లలోకి దూకేశాడు. ఓటేసినవాళ్లను అడగలేదు, రాజీనామా ఇవ్వలేదు. నాకైతే అది నచ్చలేదు, ఎవరు చేసినా ఫిరాయింపు ఫిరాయింపే. కానీ 1998లో కొత్త పార్టీ నుంచి నిలబడి అంతకన్నా పెద్ద మెజారిటీతో గెలిచాడు. ఓడింది ఎవరో తెలుసా? ఆ రిచర్డ్ లామ్ భార్య డాటీ లామ్!

ఇంకోపక్క చూడండి. సెనేట్ ఇండియన్ వ్యవహారాల కమిటీకి అధ్యక్షుడైన మొదటి ఆదివాసీ ఈయనే. ఇంకా కింది సభలో ఉండగానే, 1991లో, మోంటానాలో "కస్టర్ యుద్ధభూమి" అనే పేరు తీయించి "లిటిల్ బిగ్‌హార్న్" అని మార్పించాడు. ఓడిపోయిన దండయాత్ర నాయకుడి పేరు తెగలవాళ్ల మొహాన ఎన్నాళ్లు పెట్టుకోవాలి? యూట్ తెగలకు నీటి హక్కుల ఒప్పందం తేవడంలో పట్టుబట్టాడు, డురాంగో పక్కన ఆ రిజర్వాయర్ ఇప్పుడు లేక్ నైట్‌హార్స్. 2000లో శాండ్ క్రీక్ ఊచకోత స్థలాన్ని జాతీయ చారిత్రక స్థలంగా మార్చే చట్టం తెచ్చాడు. పేరులో "ఊచకోత" అన్న మాట ఉంది, "యుద్ధం" అని రాయలేదు. ఆ మాట కొలరాడో నుంచి వచ్చిన సెనేటర్ పెట్టడం, ఆ సెనేటర్ షయాన్ కావడం, నాకు ఆయన చేసినవాటిలో ఇదే పెద్దదనిపిస్తుంది.

తమ్ముడికి ఇదంతా చెప్తే "అయితే ఆయన మన మనిషా, ఓటర్ల మనిషా?" అన్నాడు. రెండూ అన్నాను. వాడికి ఆ జవాబు సరిపోలేదు. ఎస్టీ సీటులో గెలిచినవాళ్లు కూడా పార్టీ విప్ వస్తే ఏ వైపు చెయ్యెత్తుతున్నారో ముందు అది చూద్దాం అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

2004లో ఆరోగ్యం బాగోలేక క్యాంప్‌బెల్ పోటీ నుంచి తప్పుకున్నాడు. సీటు మళ్లీ ఖాళీ అయింది. కెన్ సలజార్, బీరు కంపెనీ కుటుంబానికి చెందిన పీట్ కూర్స్ పోటీ పడ్డారు, సలజార్ గెలిచాడు. ఆ తర్వాత కొలరాడో నుంచి ఇంకో ఆదివాసీ సెనేట్‌కు వెళ్లలేదు.