ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫ్యూజ్ పోయిందా? లైన్ క్లియర్ లేకుండా ఎక్కొద్దు, ఎవరినీ ఎక్కించొద్దు

యాసంగి వరి పొట్ట మీద ఉంటుంది, లేదా టమాటా కాపు మీద ఉంటుంది. సరిగ్గా అప్పుడే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫ్యూజ్ పోతుంది. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే ఆయన ఇంకో ఊళ్లో పనిలో ఉంటారు. కొత్తూరు, షాద్‌నగర్, శంషాబాద్ చుట్టుపక్కల బోర్ల మీద వ్యవసాయం చేసే ఏ రైతుకూ ఇది కొత్త కాదు. "ఏబీ స్విచ్ దించి మనమే వేసుకుందాం, ఐదు నిమిషాల పని" అని ఎవరో ఒకరు అంటారు. కరెంటు షాక్‌తో రైతు మృతి అని పేపర్లో మనం చదివే వార్తల్లో ఎన్నో ఆ ఐదు నిమిషాల్లో జరిగినవే.

స్విచ్ దించితే కరెంటు పోయినట్టేనా?

కాదు. ఏబీ స్విచ్ ఉండేది 11 కేవీ, అంటే 11,000 వోల్టుల లైను మీద. దానికి మూడు బ్లేడ్లుంటాయి. తుప్పు పట్టి, ఎండకు వానకు బిగుసుకుపోయి, హ్యాండిల్ కిందికి దిగినా ఒక బ్లేడు విడిపోకుండా అంటుకునే ఉండొచ్చు. కింద నిలబడి చూస్తే, అందులోనూ చీకట్లో, అది కనిపించదు. మూడూ విడిపోయినా స్విచ్‌కు లైను వచ్చే వైపు 11 కేవీ అలాగే ఉంటుంది. గద్దె ఎక్కినవారి తలకు అది ఎంతో దూరంలో ఉండదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మూడు ఫేజుల్లో ఒక్క ఫ్యూజే పోయిందనుకోండి. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎవరి మోటారో కండెన్సర్ పెట్టి రెండు ఫేజుల మీద నడుస్తుంటే, ఆ మోటారు చుట్టల గుండా పోయిన ఫేజు వైరులోకి కరెంటు తిరిగి వస్తుంది. ఫ్యూజ్ పోయిన వైరు కదా అని పట్టుకుంటే ప్రాణం పోతుంది. పక్క షెడ్డులో జనరేటర్‌ను సరిగా వేరు చేయకుండా నడిపినా ఇంతే. ఇవన్నీ దాటినా, మీరు స్విచ్ దించింది తెలియక అవతలి పొలం రైతు వచ్చి దాన్ని మళ్లీ ఎత్తొచ్చు. ఆయన మడి కూడా ఎండుతూనే ఉంటుంది మరి.

లైన్ క్లియర్‌లో ఏం జరుగుతుంది?

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం (2010లో వచ్చిన వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి) లైన్ల మీద పని చేయాల్సింది అందుకు అధికారం పొందిన సిబ్బందే. వాళ్లయినా నేరుగా ఎక్కరు. ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ను లైన్ క్లియర్, అంటే ఎల్‌సీ, అడుగుతారు. ఆపరేటర్ ఆ ఫీడర్ బ్రేకర్ ఆపి, ఎవరూ వేయకుండా హెచ్చరిక బోర్డు తగిలించి, ఎవరు ఎన్ని గంటలకు తీసుకున్నారో రిజిస్టర్‌లో రాసుకుంటారు. పని చోట స్విచ్ దించి, కరెంటు లేదని పరికరంతో పరీక్షించి, ఎర్త్ రాడ్లు వేస్తారు. ఎక్కడి నుంచైనా కరెంటు పొరపాటున వచ్చినా అది భూమిలోకి పోవాలి, మనిషిలోకి కాదు. పని అయ్యాక ఎర్త్ తీసి, మనుషులందరూ దిగారని చూసుకుని, ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వారే తిరిగి ఇస్తారు. అప్పుడే లైను చార్జ్ అవుతుంది.

"పావుగంట ఆపు, తర్వాత వేసెయ్" అని ఫోన్లో గంట లెక్కన చెప్పుకునే పద్ధతి మాత్రం ఎవరికీ మంచిది కాదు. పావుగంట పని అరగంట పట్టిందంటే పైనున్న మనిషి గతి ఏమిటి? లైన్‌మన్ వచ్చినప్పుడు "ఎల్‌సీ తీసుకున్నారా, ఎర్త్ వేశారా" అని మీరూ అడగండి. తప్పు పట్టినట్టు కాదు. మనం చుట్టూ నిలబడి తొందర పెట్టడం వల్లే ఒక్కోసారి వాళ్లు ఎర్త్ వేయకుండా ఎక్కేస్తారు. కూలి ఇచ్చి ఊళ్లో పని తెలిసిన కుర్రాణ్ణి ఎక్కించడం మరీ పెద్ద తప్పు. అతనికి ఎల్‌సీ ఇచ్చేవారే ఉండరు.

ఏఈ, లైన్‌మన్, సబ్‌స్టేషన్ నంబర్లు ఇప్పుడే స్టార్టర్ డబ్బా లోపల రాసి పెట్టుకోండి. ఫీడర్ పేరు, ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసి ఉన్న నంబరు కూడా రాయండి. ఎవరూ దొరక్కపోతే 1912కు ఫోన్ చేసి ఆ నంబరు చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోండి.

మీ డబ్బాలో మీరు చేసుకునే పని

మెయిన్ స్విచ్ తర్వాత మోటారు దాకా మీ బాధ్యత. అక్కడ కూడా స్విచ్ ఆపి, ఫ్యూజులు ఊడదీసి జేబులో వేసుకోండి. స్విచ్ పైభాగంలో సర్వీసు వైరు వచ్చే చోట కరెంటు ఉంటూనే ఉంటుంది, దాన్ని తాకొద్దు. ఆటో స్టార్టర్ ఉంటే అది కరెంటు రాగానే తనంతట తాను మోటారు వేస్తుంది, కాబట్టి దాన్ని ముందే తప్పించాలి. కండెన్సర్‌లో స్విచ్ ఆపాక కూడా కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. కొన్ని నిమిషాలు ఆగండి. టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న చోట పెట్టి వెలుగుతోందో లేదో చూసి, ఆ తర్వాతే మూడు ఫేజులూ చూడండి. చెడిపోయిన టెస్టర్ ఎక్కడ పెట్టినా వెలగదు. ఆ చిన్న టెస్టర్ ఇంటి, మోటారు కరెంటుకే. 11 కేవీ దగ్గరికి దాన్ని తీసుకెళ్లొద్దు. తడి నేల మీద, వట్టి కాళ్లతో నిలబడి ఏ పనీ చేయొద్దు.

బోరు మోటారు పైకి లాగేటప్పుడు

పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగ నేల నుంచి కనీసం 4.6 మీటర్ల ఎత్తులో ఉండాలని నిబంధన. అంటే దాదాపు 15 అడుగులు. బోరు పైపు ఒక్కొక్కటి 20 అడుగులు. నిలువుగా లేపితే లైనును దాటిపోతుంది. వేలాడుతున్న తీగ అయితే చెప్పనక్కర్లేదు. తీగ కింద గాని పక్కన గాని బోరు ఉంటే, మోటారు లాగే రోజు ముందే ఏఈకి దరఖాస్తు ఇచ్చి ఎల్‌సీ అడగండి. వచ్చేదాకా క్రేన్ నిలపొద్దు. వరి కోత మిషన్, జేసీబీ తెచ్చినప్పుడు కూడా డ్రైవరుకు పైనున్న తీగ చూపించండి.

తీగ తెగి పడితే దగ్గరికి పోవద్దు, పశువులను పోనివ్వొద్దు, ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పండి. ఎవరైనా తగులుకుని ఉంటే సరఫరా ఆగిందని తెలిసేదాకా పట్టుకోవద్దు. 11 కేవీ దగ్గర ఎండు కట్టెనూ నమ్మడానికి లేదు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఫ్యూజ్ పదేపదే పోతుంటే

5 హెచ్‌పీ మోటారు ఒక్కోటి సుమారు 3.7 కిలోవాట్లు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద అలాంటివి ఐదు నడిస్తేనే అది నిండిపోయినట్టు. ఆరోది కలిస్తే ఫ్యూజ్ పోక ఏం చేస్తుంది? లావు తీగ చుట్టి ఫ్యూజ్ పోకుండా చేస్తే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది, అప్పుడు వారం రోజులు నీళ్లుండవు. మోటార్లన్నింటికీ సరైన కెపాసిటర్లు పెట్టుకోండి, లైనులో పోయే కరెంటు తగ్గుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న రైతులంతా కలిసి, ఎవరి మోటారు ఎన్ని హెచ్‌పీయో దాచకుండా రాసి, అదనపు లోడు క్రమబద్ధీకరణకు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏఈకి దరఖాస్తు ఇవ్వండి. యాసంగి నాట్లు పడకముందే ఇస్తే మంచిది.