ప్రజారోగ్య నివేదికలు - సాఫ్ట్‌వేర్ నిర్మాణ స్వరూపపు ముందస్తు మూల్యాంకనం

సాఫ్ట్‌వేర్ నిర్మాణ స్వరూపపు ముందస్తు మూల్యాంకనం అనగా ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టక ముందే దాని భాగాల అమరికను, వాటి మధ్య సంబంధాలను పరీక్షించి, రాబోయే మార్పులకు అది తట్టుకోగలదో లేదో అంచనా వేయడం. వ్యాధుల సమాచారం సేకరించే వ్యవస్థలకు ఇది మరీ అవసరం. వ్యాధుల జాబితా గాని, ఫారాలు గాని, పరిపాలనా హద్దులు గాని స్థిరంగా ఉండవు. తూర్పు హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలు ఇందుకు చక్కని ఉదాహరణ.

పద్ధతి

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన "ఏటామ్" ఈ రంగంలో ప్రసిద్ధమైన పద్ధతి. దీనికి ముందు 1994లో "సామ్" వెలువడింది. "మార్పులకు అనువైనది" అన్న మాటను నేరుగా కొలవలేము కనుక దానిని సన్నివేశాలుగా విడగొడతారు. "జిల్లా రెండుగా చీలితే పాత లెక్కలు ఏమవుతాయి?" అన్నది ఒక సన్నివేశం. ఒక నిర్ణయం ఒక గుణానికి మేలు, మరొక గుణానికి కీడు చేసే చోట్లను ముందే గుర్తించడం ఏటామ్ ప్రత్యేకత.

హద్దుల మార్పులు

మలక్‌పేట హైదరాబాదు జిల్లాలోను, అదే రహదారిపై ఉన్న ఎల్.బి.నగర్ రంగారెడ్డి జిల్లాలోను ఉన్నాయి. 2007 ఏప్రిల్ 16న ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు మహానగరపాలక సంస్థలో విలీనమైనా జిల్లా మారలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుండి 31కి పెరిగినప్పుడు పొరుగున ఉన్న ఉప్పల్ మేడ్చల్ జిల్లాకు వెళ్ళగా, ఎల్.బి.నగర్ రంగారెడ్డిలోనే ఉండిపోయింది. 2019లో జిల్లాల సంఖ్య 33 అయింది.

ప్రతి నమోదులోను జిల్లా పేరును నేరుగా ఇమిడ్చిన వ్యవస్థలో ఇటువంటి మార్పు వచ్చినప్పుడల్లా పాత లెక్కలను తిరగరాయవలసి వస్తుంది. ప్రాంతాల పట్టికను విడిగా ఉంచి, ప్రతి హద్దుకు అమలు తేదీ, ముగింపు తేదీ రాస్తే ఈ చిక్కు తప్పుతుంది. అయితే నివేదిక తీసిన ప్రతిసారి తేదీలను సరిచూడవలసి ఉంటుంది కనుక వేగం కొంత తగ్గుతుంది.

మొత్తాలా, కేసులా

2004లో మొదలైన సమగ్ర వ్యాధి పర్యవేక్షణ పథకంలో ఎస్, పి, ఎల్ అనే ఫారాలపై వారం వారం లెక్కలు పంపేవారు. 2018 నవంబరు 26న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా ఏడు రాష్ట్రాలలోను, 2021 ఏప్రిల్ 5న దేశమంతటా ప్రవేశపెట్టిన సమగ్ర ఆరోగ్య సమాచార వేదికలో ఒక్కొక్క కేసును విడిగా నమోదు చేసే ఏర్పాటు ఉంది. ఈ తేడా చిన్నది కాదు. కేసుల నుండి మొత్తాలు ఎప్పుడైనా రాబట్టవచ్చు. మొత్తాల నుండి కేసులు రావు. దీనికి మూల్యం రోగి గోప్యత. పేరు, చిరునామా ఎవరెవరికి కనిపించాలో కూడా మొదట్లోనే తేల్చుకోవాలి.

ఉదాహరణకు ఎల్.బి.నగర్ వాసికి నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో డెంగీ నిర్ధారణ అయిందనుకొందాం. ఆసుపత్రి స్థలం మాత్రమే నమోదైతే కేసు హైదరాబాదు జిల్లా లెక్కలో చేరుతుంది. దోమలు మాత్రం ఎల్.బి.నగర్‌లోనే పెరుగుతూ ఉంటాయి. కనుక నివాసం, పరీక్ష జరిగిన చోటు రెండూ వేరు వేరు గడులలో ఉండాలి.

పాల్గొనేవారు

ఈ మూల్యాంకనానికి అధికారులను, కంపెనీ ప్రతినిధులను మాత్రమే పిలవడం పొరపాటు. ఇంటింటికి తిరిగే ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు, దోమల నివారణ సిబ్బంది కూడా ఉండాలి. కొత్తపేట, చైతన్యపురి వాసులు సైతం తమ చిరునామాను దిల్‌సుఖ్‌నగర్ అని చెప్పడం కద్దు. ఆ సంగతి కాగితంపై పటం చూసి గీసేవారికి తట్టదు.