బిగించినోడి తప్పేనా? టర్బో దగ్గర వదులయ్యే నట్టు చరిత్ర

మదనపల్లెలో టమోటా ఎత్తిన లారీ చెన్నై పోవాలంటే పుంగనూరు, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగాలి. దిగేటప్పుడు ఇంజనుకి పెద్ద కష్టం లేదు. తిరుగు లోడుతో సుమారు 300 మీటర్ల ఎత్తున్న చిత్తూరు నుంచి 700 మీటర్ల మదనపల్లెకి ఎక్కేటప్పుడే అసలు పరీక్ష. కుప్పం వైపు గ్రానైట్ మోసే బళ్ళదీ ఇదే బాధ. ఈ రోడ్ల పక్కన ఉండే షెడ్లలో తరచూ వినపడే మాట: "టర్బో దగ్గర నట్టు మళ్ళీ వదులైంది." దాని వెనకే ఇంకోటి: "వాడు సరిగ్గా బిగించలేదు."

ఈ రెండో మాట మీదే నా అభ్యంతరం. చాలాసార్లు అది మెకానిక్ చేతి బలానికి సంబంధించిన విషయమే కాదు. ఎందుకు కాదో తేల్చుకోవడానికి ఇంజనీర్లకే వందేళ్ళ పైన పట్టింది.

మొదట్లో ఒక్కో వర్క్‌షాపుది ఒక్కో మర. ఒకచోట చేసిన నట్టు ఇంకోచోట బోల్టుకి ఎక్కేది కాదు. 1841లో ఇంగ్లాండులో జోసెఫ్ విట్‌వర్త్ 55 డిగ్రీల మరతో ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల మర తెచ్చాడు. సరిగ్గా అదే ఏడాది జోలార్‌పేట నుంచి మన కుప్పం మీదుగా బెంగళూరు కంటోన్మెంటుకి రైలు మార్గం తెరిచారు. మన భాషలో చెప్పాలంటే విట్‌వర్త్, సెల్లర్స్ ఇంటర్‌ఫేస్‌ని స్టాండర్డ్ చేశారు. ఒకే ప్రమాణం, ఒకే సైజు అయితే ఏ నట్టయినా ఏ బోల్టుకైనా ఎక్కుతుంది. కానీ ఎక్కిన నట్టు అక్కడే ఉంటుందా అన్నది వేరే ప్రశ్న!

అసలు బిగుతు అంటే ఏంటి? నట్టు తిప్పేకొద్దీ స్టడ్ స్ప్రింగులా సాగుతుంది. సాగిన స్టడ్ వెనక్కి లాగుతూ రెండు ఫ్లాంజిలనీ అదిమి పట్టుకుంటుంది. 50 మిల్లీమీటర్ల స్టడ్‌ని గట్టిగా బిగిస్తే అది సాగేది సుమారు 0.1 మిల్లీమీటరు, అంటే ఒక వెంట్రుక మందం. జాయింటుకి ఉన్న ఆస్తి మొత్తం అంతే. ఆ వెంట్రుక మందం పోయిందా, నట్టు ఒక్క చుట్టు తిరక్కపోయినా బిగుతు పోయినట్టే.

ఇప్పుడు టర్బో. వృథాగా పోయే సైలెన్సర్ పొగతో ఒక చక్రం తిప్పి, దాంతో ఇంజన్లోకి గాలి తోయాలన్న ఆలోచనకి 1905లో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ పేటెంటు తీసుకున్నాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానం ఇంజన్ని సుమారు 4,300 మీటర్ల పైక్స్ పీక్ కొండ మీదికి ఎక్కించి పరీక్షించాడు. నేల మీద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజను పైన 230కి పడిపోయింది. టర్బో తగిలిస్తే 356 ఇచ్చింది. 1962లో ఓల్డ్స్‌మొబీల్, షెవ్రొలే కంపెనీలు మామూలు కార్లలోకీ తెచ్చాయి. మన దేశంలో 2000లో మొదలై 2020 ఏప్రిల్లో బీఎస్ 6 దాకా వచ్చిన కాలుష్య నిబంధనల వల్ల డీజిల్ బళ్ళకి టర్బో తప్పనిసరి లాంటిదైంది. ఇప్పుడు మనం ఈఎమ్ఐల మీద కొనే చిన్న పెట్రోలు కార్లలోనూ అదే. పూర్తి లోడు మీద డీజిల్లో ఆ పొగ వేడి 700 డిగ్రీల దాకా, పెట్రోలులో 900 పైన ఉంటుంది.

ఆ వేడిలో మన 0.1 మిల్లీమీటరుకి ముగ్గురు శత్రువులు.

ఒకటి, వ్యాకోచం. తుప్పు పట్టదు కదా అని చాలామంది స్టెయిన్‌లెస్ స్టడ్ వేస్తారు. అది పోత ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది. లెక్క చూడండి: రెండూ 600 డిగ్రీలు వేడెక్కితే 50 మిల్లీమీటర్ల మామూలు స్టెయిన్‌లెస్ స్టడ్ 0.51 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంతే మందమున్న పోత ఇనుము 0.33. తేడా 0.18. మన దగ్గరున్నదేమో 0.1! ఘాటు సగం ఎక్కేసరికి బిగుతు సున్నా.

రెండు, నిదానంగా సాగిపోవడం. ఇంజనీర్లు క్రీప్ అంటారు. బరువు మారకపోయినా లోహం కాలంతో సాగుతూ పోతుందని 1910లో బ్రిటన్‌లో ఆండ్రేడ్ తీగల మీద కొలిచి చూపించాడు. వేడి పెరిగేకొద్దీ ఇది ఎక్కువ. అలా సాగిన స్టడ్ మళ్ళీ వెనక్కి రాదు.

మూడు, పక్కకి జారడం. నట్టుని తిప్పి ఊడదీసేది ముఖ్యంగా పైకీ కిందకీ అదురు కాదు, ఫ్లాంజిలు అడ్డంగా జరగడం అని 1969లో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ ప్రయోగం చేసి నిరూపించాడు. మొదటి ఇద్దరూ బిగుతు తినేస్తే మూడోవాడు నట్టుని చేతికిస్తాడన్నమాట.

ఇప్పుడు షెడ్లో దొరికే మందులు చూడండి. స్ప్రింగ్ వాషర్ ఆ వేడికి మెత్తబడి చప్పగా అయిపోతుంది. నైలాన్ నట్టు పని సుమారు 120 డిగ్రీల వరకే. 12.9 గ్రేడు బోల్టు గట్టిదే, కానీ దాని గట్టిదనం 400-450 డిగ్రీల దగ్గర టెంపర్ చేసి తెచ్చింది. అంతకు మించి కాలిస్తే ఆ నంబరుకి అర్థం లేదు. ఇత్తడి నట్టు పాత బ్రిటిష్ డిజైను బళ్ళ మేనిఫోల్డుకి చక్కటి ఉపాయం, స్టడ్‌కి పట్టేయదు. టర్బో వేడికి మాత్రం దాని బలం చాలదు. ఇవేవీ మూర్ఖపు పనులు కావు. వేరే శత్రువు కోసం తయారైన ప్యాచ్‌లు, అంతే.

మరి పనికొచ్చేదేంటి? వేడికి తట్టుకునే లోహం కథ విమానాల నుంచి వచ్చింది. విటిల్ జెట్ ఇంజను కోసం 1940-41లో బ్రిటన్‌లో నిమోనిక్ 80 అనే నికెల్ మిశ్రమం పుట్టింది. తర్వాత ఇన్‌కొనెల్ 718 లాంటివి వచ్చాయి. అన్ని బళ్ళకీ అంత ఖరీదు అక్కర్లేదు. క్రోమియం, మాలిబ్డినం, వనేడియం కలిపిన ఉక్కు స్టడ్‌లు 500 డిగ్రీల పైనా పనిచేస్తాయి. వాటి మీద నైలాన్ లేకుండా, తలే కొంచెం నొక్కి ఇరుకు చేసిన, రాగి పూసిన ఉక్కు నట్టు వేస్తారు. పట్టేయదు, ఊడదు. నట్టు కింద గొట్టంలాంటి స్పేసర్ పెట్టి పొడుగు స్టడ్ వాడటం ఇంకో ఉపాయం. 50కి బదులు 100 మిల్లీమీటర్లైతే సాగుడు రెట్టింపు, అంటే పోగొట్టుకోవడానికి ఆస్తి రెట్టింపు.

ఒక మెలిక ఉంది. టర్బో హౌసింగు పోత ఇనుముది కాకుండా స్టెయిన్‌లెస్‌దైతే లెక్క తిరగబడుతుంది. హౌసింగే ఎక్కువ పెరిగి మామూలు ఉక్కు స్టడ్‌ని హద్దు దాటి సాగదీస్తుంది, చల్లారాక వదులు. అందుకే "ఏది గట్టిది" అని కాదు, "దేనికి ఏది జత" అని అడగాలి. ఆ జత కుదిర్చింది కంపెనీవాడు. నట్టుకి నట్టు, స్టడ్‌కి స్టడ్ అదే పార్టు నంబరుతో వేయించుకోవడం అందుకే.

నట్టు వదులైతే దమ్ము తగ్గడం ఒక్కటే కాదు, ఆ నిప్పులాంటి పొగ పక్కనున్న వైర్ల మీదా, ఆయిలు పైపుల మీదా పడుతుంది. ఘాటు మధ్యలో లోడు బండికి అంటుకుంటే కుళ్ళిపోయేది టమోటా ఒక్కటే కాదు కదా. అలాంటి చోట ఒకసారి వాడి సాగిన స్టడ్‌కి ఇరవై రూపాయల నట్టు తగిలించమని చెప్పేది ఎక్కువగా బండి ఓనరే. ఆనక నింద మాత్రం పానా పట్టినవాడి మీద!

మన టీముల్లో కూడా సర్వరు పడిపోతే ఆఖర్న ముట్టుకున్నవాణ్ణే పట్టుకుంటాం. ఈసారి మీ బండి టర్బో దగ్గర బుస్సుమంటే, "ఎవడు బిగించాడు?" అని అడిగే ముందు "ఏం వేసి బిగించారు?" అని అడిగి చూడండి.