ముందు లేచేదెవరు?

లైనక్స్ యంత్రం మేలుకోగానే కెర్నెల్ ఒకే ఒక్క ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. దాని నంబరు 1. నెట్‌వర్క్, డేటాబేస్, వెబ్ సర్వర్ అన్నీ దాని చేతుల మీదుగానే లేవాలి. వాటిలో ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్న మీద లైనక్స్ లోకం ఏళ్ల తరబడి పోట్లాడుకుంది.

పాత పద్ధతి యునిక్స్ సిస్టమ్ ఫైవ్ నుంచి వచ్చింది. ఒక్కో సేవకు ఒక స్క్రిప్టు, పేరులో రెండంకెల సంఖ్య. రెడ్ హ్యాట్ యంత్రాల్లో నెట్‌వర్క్‌ది 10, ఎస్‌ఎస్‌హెచ్‌ది 55. ఒకటి ముగిస్తేనే ఇంకొకటి మొదలు. 55 ఎందుకయిందో ఆ అంకె చెప్పదు; పెట్టినవాళ్లకే తెలియాలి.

ఈ పద్ధతికి బదులుగా 2005లో ఆపిల్ లాంచ్‌డీ, 2006లో ఉబుంటు అప్‌స్టార్ట్ వచ్చాయి. 2010 ఏప్రిల్ 30న లెన్నార్ట్ పోటరింగ్ సిస్టమ్‌డీని ప్రకటించాడు. వంట పూర్తవకముందే విస్తళ్లు పరిచేసినట్టు, సేవలు లేవకముందే వాటి సాకెట్లు తెరిచిపెట్టాలన్నాడు. తొందరపడి వచ్చిన అభ్యర్థనలు కెర్నెల్ దగ్గర ఆగుతాయి, సేవలన్నీ కలిసి లేవొచ్చు. 2011లో ఫెడోరా 15 దీన్ని స్వీకరించింది. డెబియన్‌లో మాత్రం 2014 ఫిబ్రవరిలో సాంకేతిక కమిటీ ఓట్లు సమానం కాగా, అధ్యక్షుడు బ్డేల్ గార్బీ నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. ఒప్పుకోనివాళ్లు విడిపోయి డెవువాన్ అనే సొంత పంపిణీ పెట్టుకున్నారు.

క్లౌడ్‌లో ఈ వరస మరీ సున్నితం. ఒకే ఇమేజ్ నుంచి పుట్టిన సర్వర్లకు తమ పేరేమిటో, తమలోకి ఎవరిని రానివ్వాలో తెలియదు. అవి నేర్పేది క్లౌడ్-ఇనిట్ అనే ప్రోగ్రామ్. దాని మొదటి దశ నెట్‌వర్క్ కంటే ముందే నడిచి నెట్‌వర్క్ అమరిక చూస్తుంది. చాలా క్లౌడ్‌లలో మిగతా వివరాలు 169.254.169.254 చిరునామాను అడిగి తెచ్చుకుంటుంది.

ఇక్కడే చాలామంది తడబడతారు. సిస్టమ్‌డీలో 'ఆఫ్టర్' అంటే వరస మాత్రమే. 'వాంట్స్' అంటే దాన్ని కూడా లేపమని పిలవడం. నెట్‌వర్క్ నిజంగా సిద్ధమయ్యే మజిలీ అయిన నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్‌కు 'ఆఫ్టర్' ఒక్కటే రాస్తే, దాన్ని ఇంకెవరూ పిలవనప్పుడు ఆ ఎదురుచూపే ఉండదు. పైగా ఒట్టి నెట్‌వర్క్ టార్గెట్ దాటినంత మాత్రాన ఐపీ చిరునామా చేతికి వచ్చినట్టు కాదు. కాబట్టి రెండు పంక్తులూ రాయాల్సిందే. అంకె దాచిపెట్టిన కారణం ఇప్పుడు ఫైల్లో కళ్లకు కనిపిస్తోంది. ఈ మార్పులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది అదే. అయినా సర్వర్ లేచాక కూడా నెట్‌వర్క్ తెగిపోవచ్చు. అందుకే కనెక్షన్ దొరక్కపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించే ఓపిక ప్రోగ్రామ్‌లోనే ఉండాలని సిస్టమ్‌డీ రచయితలు కోరుతున్నారు.