బిడారు దిగిన చోటు

బిడారు అనగానే నేటి తెలుగు పాఠకుడికి ఎడారీ, ఒంటెల వరసా గుర్తుకు వస్తాయి. అనంతపురం సీమవాడికి అదే మాట పొరుగునున్న కన్నడంలో మరొక అర్థంతో వినిపిస్తుంది. అక్కడ బిడార అంటే తాత్కాలికంగా దిగిన చోటు. బ్రౌను దొర నిఘంటువులో బిడారముకు ఉన్న అర్థం కూడా ఇంచుమించు అదే: బస, విడిది. ఆగిన చోటి పేరే సాగిపోయే గుంపుకూ పేరైందని నాకు తోస్తుంది. ప్రయాణమంటే నడక కన్నా మజిలీయే ముఖ్యమని మన పూర్వులు అనుకున్నారేమో!

ఐరోపాలో వేసవి వచ్చిందంటే చక్రాల మీది ఇంటిని కారుకు తగిలించుకుని సముద్రపు ఒడ్డు వెంట వారాల తరబడి తిరిగి రావడం చాలామందికి పెద్ద వేడుక. ఏ రాత్రి ఎక్కడ దిగాలి, అక్కడ నీటి కొళాయి ఉందా, కిటికీ తెరిస్తే కడలి కనబడుతుందా అని నెలల ముందే లెక్కలు వేసుకుంటారు. ఈ వేడుకకు ఆద్యుడిగా విలియం గోర్డన్ స్టేబుల్స్ పేరు చెబుతారు. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి విరమించుకున్న ఈ స్కాట్లండు రచయిత 1885లో బ్రిస్టల్ కార్ఖానాలో ‘వాండరర్’ అనే గుర్రపు బండి ఇంటిని చేయించుకుని, ఇంగ్లండు దక్షిణభాగం నుంచి స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా వెళ్లాడు. నౌకరు మూడుచక్రాల సైకిలు మీద ముందుగా పోయి దారి చూసివచ్చేవాడు. మరుసటేడు వెలువడిన ఆయన పుస్తకం ఎందరికో అటువంటి ప్రయాణం మీద మోజు పుట్టించింది.

ఇటువంటి యాత్రా ప్రణాళికను మా పీఠభూమి మీద వేయవలసి వస్తే మొదటి ప్రశ్న ఏమిటి? సముద్రం కాదు, నీళ్లు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదైనా వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. పెన్న, చిత్రావతి, హగరి పేరుకు నదులే గాని ఏడాదిలో అధికభాగం ఇసుక బాటలు. ఇసుకలో చెలమ తీసుకున్నవాడికే దాహం తీరుతుంది. 14వ శతాబ్దంలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు అనంతసాగరం చెరువు కట్టించకపోతే అనంతపురమనే ఊరే ఉండేది కాదు. ఈ సీమలో దారి అంటే ఒక నీటి నుంచి మరొక నీటికి ఉన్న దూరం.

ఇల్లు వెంటబెట్టుకుని తిరిగిన తెలుగువాళ్లలో మనందరికీ పరిచితుడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే 18న పరివారంతో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. ఏ ఊళ్లో అంగళ్లు ఉన్నాయి, నీళ్లు ఎటువంటివి, దిగడానికి వసతి ఉందా లేదా అన్నది మజిలీ తర్వాత మజిలీగా రాసిపెట్టాడు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర వెనక రాబోయే బాటసారికి చేతిదీపం. అయితే ఆయన దారి మా పీఠభూమికి తూర్పుగా కడప, అహోబిలం, శ్రీశైలం వైపు సాగిపోయింది.

మా సీమలో డేరా వేసినవాళ్లలో ప్రసిద్ధుడు థామస్ మన్రో. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కుంపిణీకి దత్తం చేసినప్పుడు ఆయన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. అనంతపురం ముఖ్యస్థానమైనా, కాలం ఎక్కువగా గడిపింది డేరాలలోనే. ఊరూరా దిగడం, రైతులను పిలిపించడం, పొలాలు కొలిపించడం, శిస్తు కట్టడం - కచేరీ అంతా డేరాలతో పాటే నడిచేది. తర్వాత గవర్నరై, పదవి విడిచే ముందు దత్తమండలాలను ఒకసారి చూసిపోదామని వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో విడిది చేసి ఉండగా కలరాతో చనిపోయాడు. ఆయన జ్ఞాపకార్థం సర్కారువారు అక్కడ ఒక తోపు వేయించి బావి తవ్వించారు. నీడా, నీరూ: ఈ సీమలో బాటసారికి అంతకన్న తగిన స్మారకం ఉండదు. ఇక్కడి రైతులు మగబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే ఆ డేరాకు దక్కిన గౌరవం ఎటువంటిదో ఊహించవచ్చు.

ఈ ఇద్దరి కన్నా ఎంతో ముందునుంచీ ఈ దారులు ఎరిగినవాళ్లు లంబాడీలు. మా వైపు వాళ్లను సుగాలీలు అంటారు. వాళ్ల ఆరాధ్యుడు సేవాలాల్ మహారాజు 1739లో గుత్తి సమీపంలోని సేవాగఢ్‌లో పుట్టాడని సంప్రదాయం. వాళ్ల బిడారులో బండ్లు ఉండవు. ఎద్దు వీపు మీద అటూ ఇటూ గోనెలు, వాటిలో ధాన్యమో ఉప్పో. చక్రం లేదు గనుక బాట అక్కరలేదు. ఎద్దు మేస్తూ నడుస్తుంది గనుక మోత ఖర్చు స్వల్పం. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల గుంపులను వర్ణించాడు. ఇరుకు దారిలో అవి ఎదురైతే దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదట. 1791లో తిండిగింజలు చాలక శ్రీరంగపట్నం నుంచి వెనుదిరిగిన కారన్‌వాలిసు సైన్యం, మరుసటేడు అదే కోటను లొంగదీయగలిగిందంటే అందులో ఈ ఎద్దుల పాలు చిన్నది కాదు.

ఒక్కసారి ఆలోచించండి. వేల పశువులను కరువు సీమ గుండా తూర్పుతీరపు ఉప్పుకొటార్ల దాకా నడిపించి మళ్లీ వెనక్కు తేవడానికి ఎంత ప్రణాళిక కావాలి! వానకాలమంతా పచ్చిక ఉన్న చోట ఆగి, వానలు వెలిసిన తర్వాత కదలాలి. ఏ చెరువు ఏ నెలలో అడుగంటుతుందో, ఏ ఏట్లో ఎంత లోతున చెలమ ఊరుతుందో, ఏ ఊరివాళ్లు గడ్డి మేయనిస్తారో, ఏ ఊరివాళ్లు తరుముతారో తండా నాయకుడి తలలో ఉండాలి. ఒక్క మజిలీ లెక్క తప్పితే మంద మంద నేలకొరుగుతుంది. ఇది స్టేబుల్స్ ప్రయాణం కన్నా తక్కువ విద్య కాదు.

ఆ విద్యకు కాలం మూడింది. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పు వ్యాపారాన్ని తన గుత్తాధికారం చేసుకుంది. గుత్తి మీదుగా వేసిన రైలుదారి 1871లో రాయచూరు వద్ద బొంబాయి దారితో కలిసింది. పదివేల ఎద్దులు నెలల తరబడి మోసేది రైలు రోజుల్లో దించసాగింది. సరిగ్గా ఆ ఏడే, 1871లో, ఉత్తరాదిలో నేరస్త తెగల చట్టం వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ విస్తరించింది. ఎద్దుల మీదా గాడిదల మీదా ఉప్పూ ధాన్యమూ మోసిన ఎరుకలవారూ, లంబాడీలలో కొన్ని గుంపులూ దాని కిందికి వచ్చారు. వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. తరతరాలుగా ఉప్పు కోసం తీరానికి నడిచిన ఎరుకలవారిలో కొందరిని చివరికి తీరప్రాంతంలోనే, బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం సెటిల్మెంటులో కట్టడి చేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది; దాని మచ్చ అంత తొందరగా పోలేదు.

ఐరోపాలోనూ కథ ఇదే. ఊరూరా తిరిగే రోమా ప్రజలను దేశం విడిచిపొమ్మని ఇంగ్లండు 1530లోనే చట్టం చేసింది. స్టేబుల్స్ సరదాగా బండి కట్టిన 1880లలోనే, వాళ్ల బండి ఇళ్లను నమోదు చేసి అదుపులో పెట్టాలన్న బిల్లులు పార్లమెంటు ముందుకు వచ్చి వీగిపోయాయి. రోమానీ భాషా, లంబాడీల గోర్ బోలీ రెండూ ఇండో-ఆర్య కుటుంబానివే. అంతమాత్రాన రెండు జాతులూ ఒకటేననడం తొందరపాటు. కాని, లోకం ఆ ఇద్దరినీ చూసిన చూపు మాత్రం ఒకటే. ఇల్లు వెంటబెట్టుకుని దొర తిరిగితే క్యాంపు, ధనికుడు తిరిగితే విహారం, పేదవాడు తిరిగితే నేరం.

నన్ను బాధించేది ఇంకొకటి ఉంది. వీరాస్వామయ్య మజిలీలు పుస్తకంలో ఉన్నాయి. మన్రో మజిలీలు ఉత్తరాల్లోనూ రికార్డుల్లోనూ ఉన్నాయి. ఈ నేలను అందరికన్నా బాగా ఎరిగిన సుగాలీల దారులు మాత్రం ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. వాళ్లు కాగితం మీదికి ఎక్కింది పోలీసు రిజిస్టర్లలోనే. ఇప్పుడు వాన ముఖం చాటేసిన ఏడు తండాలలో ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లను, పిల్లలను విడిచి జనం కూలికి బెంగళూరు బస్సెక్కుతారు. ఆ ప్రయాణంలో ఇల్లు వెంట రాదు.

మీలో ఎవరికైనా తండాలతో పరిచయం ఉంటే ఒక్క పని చేయండి. పెద్దవాళ్ల పాటల్లో, కబుర్లలో దొర్లే పాత మజిలీల పేర్లు, ఏ బావి, ఏ చెలమ, ఏ మర్రిచెట్టు అన్నది వాళ్ల నోటివెంట వచ్చినట్టే రాసిపెట్టండి. వరసగా పది పేర్లు దొరికినా, గుత్తి నుంచి ఉప్పుకొటారు దాకా ఒక దారిని పటం మీద గీయవచ్చు.